ఏడో బావి పేజీ

మొదటి రోజు

రాసుకో పెట్టే. నా పేరు గట్టు కొంరవ్వ. వయసు డెబ్బై దాటింది, ఎంత దాటిందో నువ్వే వేసుకో. చదువు లేదు. లేదని సిగ్గు కూడా లేదు. మా మందలో మూడు వందల పన్నెండు జీవాలున్నాయి. ఆరు రోజుల్లో ఏడో బావి తాళం తెరుచుకోకపోతే వాటిలో పాతిక కూడా మిగలవు. నా కేసు ఇదే. మిగతాదంతా దీనికి తోక.

ఈ విచారణ ఇంట్లో సంతకం రానివాళ్లు ఏ రోజు మాట ఆ రోజు, విని రాసుకునే పెట్టెకు చెప్పాలట. అదే మా సంతకమట. నా యాసను సరిచేసి రాస్తావని గుమాస్తా చెప్పాడు. యాస తీస్తే తియ్యి, అర్థం తియ్యకు. ఎదుటి మనిషి నాతో అన్న మాటను, నేను తిరిగి అన్న మాటను మాత్రం ఎట్లా ఉంటే అట్లాగే ఉంచు. తిట్టైనా సరే.

జరిగింది చెబుతాను. ప్రతి ఏడూ కృష్ణ ఒడ్డున గడ్డి మాడిపోగానే మంద ఎగువ గుట్టలకు నడుస్తుంది. దారిలో ఏడు బావులు. కరువు ఏళ్లలో బావులన్నిటికీ ఇనుప మూతలు వేసి తాళాలు పెట్టారు. ఆ తాళాలకు మనిషి ముఖం తెలియదు. ఒక్కో తాళంలో ఒక లింకు ఉంటుంది. మంద దగ్గరికి రాగానే తాళం ఆ లింకు పట్టుకుని పోయి సర్కారుతో మా ఒప్పందం రాసి ఉన్న పేజీ చూసి వస్తుంది. ఈ మందకు ఈ బావిలో హక్కుందని పేజీలో ఉంటే రెండుసార్లు కుయ్‌మని పలికి మూత తీస్తుంది. ఆ పలుకు వినగానే గొర్రెలు పరుగెత్తుతాయి. నీళ్లు కనబడక ముందే వాటికి తెలుసు.

ఈసారి ఆరు బావులు పలికాయి. ఏడోది పలకలేదు. నా కోడలు సుక్కవ్వకు చదువు వచ్చు. తాళం మీది పలక చూసి చదివింది.

"అత్తా, ఈ బాయిల ఈ మందకు హక్కు లేదని రాసుంది."

"సరిగ్గ సదువు."

"నాలుగు మాట్లే ఉన్నయత్తా. తప్పు సదవనీకి ఏముంది?"

దప్పికగొన్న మందను ఒక రోజు నడక వెనక్కి, ఆరో బావికి తిప్పాం. దారిలో పదకొండు జీవాలు కూలబడ్డాయి. ఆరో బావి దగ్గర ఆగడానికి మాకు ఆరు రోజులే గడువు, ఆ తర్వాత దాని మూత కూడా పడిపోతుంది. నా కొడుకు ఈనిన గొర్రెలతో కింద ఒడ్డునే ఆగాడు. మందను సుక్కవ్వకు అప్పజెప్పి నేను సోలారు బస్సెక్కి ఇక్కడికి వచ్చాను. ఎండకు భయపడి భూమి లోపల కట్టారు ఈ ఇంటిని. మనుషులు పందికొక్కుల్లా తిరుగుతున్నారు.

కదురు తెచ్చుకున్నాను. ఉన్ని వడుకుతూనే మాట్లాడతాను. ఆ చప్పుడు రాయనక్కర్లేదు.

రెండో రోజు

విచారణ అధికారి పేరు రహమతుల్లా. నెమ్మదైన మనిషి. అటు వైపు నిల్వ కొట్టం తరఫున ప్రణవి అనే పట్నం పిల్ల వచ్చింది. ఊళ్ల హక్కులూ ఒప్పందాలూ, అందరి పేజీలూ ఉండేది ఆ కొట్టంలోనే. రెండేళ్ల కిందట దాన్ని ఏడో బావి పక్కన కొత్తగా కట్టారు.

మా పేజీ తెరిచి చదివించారు. నేను కళ్లు మూసుకుని విన్నాను. ఆ పేజీ నాకు ముప్పై ఒక్క ఏళ్లుగా తెలుసు. ఏటా ఉన్ని కత్తిరించిన రోజు మొదటి బావి దగ్గరున్న చదివే పెట్టెతో దాన్ని చదివిస్తాం. మంద మనుషులందరం దానితో పాటు గొంతు కలుపుతాం. మా మందపెద్ద పెట్టిన ఆనవాయితీ అది. చదువు రానివాడికి చెవే బడి అనేవాడు. ఆయన పోయి పదకొండేళ్లయింది, అప్పటి నుంచి ముందు గొంతు నాది, దాని కింద పెట్టె గొంతు ఎవరికీ వినబడేది కాదు. ఈ రెండేళ్లూ దుమ్ము గాలికి మొదటి బావి పెట్టె గొంతు పడిపోయింది. పెట్టె లేకపోతేనేం, నేనున్నాను కదా అని నా నోటితోనే కానిచ్చాను. అదే మా కొంప ముంచింది.

మొదటి మాటకే నేను కళ్లు తెరిచాను.

"ఆరు బాయిలంటుందేంది? ఏడు! ఏడో బాయి మాట మొత్తం మింగిండ్రు."

ప్రణవి నవ్వుమొహంతోనే ఉంది. "అమ్మా, పోయిన వానాకాలంలో కొత్త భవనానికి మారినప్పుడు పాత సంతకాలు తీసేసి పేజీలన్నీ తాజా పరిచాం. ఏడో బావి ఇప్పుడు కొట్టానికి కేటాయించారు. యంత్రాలు చల్లగా లేకపోతే పేజీలే ఉండవు కదా. అయినా మీ లింకు ఎక్కడా తెగిపోలేదు చూడండి. నొక్కితే తెరుచుకుంటోంది."

"దొడ్డి తలుపు తెర్సుకుంటుంది బిడ్డా. లోపల గొర్రె మారింది."

"అంటే?"

"అంటే నా గొర్రెను కోసుకొని తిని, దాని గుంజకు నీ మేకను కట్టేసినవ్. ఇగ గుంజ జూపెట్టి, ఊడలేదు సూడు అంటున్నవ్."

అధికారి దగ్గాడో నవ్వాడో తెలియలేదు. "అవ్వా, నేను నమ్మితే సరిపోదు. పాత పేజీ ప్రతి ఒక్కటి చూపియ్యి. యాడనన్న ఉంటది గద."

పొద్దంతా వెతికించాడు. పంచాయతీ ఆఫీసుకు ఫోను కొట్టాడు, ఉంది అన్నారు. పంపిస్తే లింకు. గొర్రెల సంఘంలో ఉంది అన్నారు. లింకు. బడిలో పిల్లల పాఠంలో మా ఒప్పందం గురించి ఉంది, చివర్లో మళ్లీ అదే లింకు. ఎటు నుంచి పోయినా అదే దొడ్డికి చేరుతున్నాం. సుక్కవ్వను అడిగాను. తన ఫోనులోనూ లింకే. ఎప్పుడు కావాలంటే అప్పుడు కనబడేదాన్ని ఇంకా దాచుకోవడం ఎందుకనుకుందట.

అందరం లింకు దాచుకున్నాం. పేజీ ఒక్కరమూ దాచుకోలేదు.

మా నీళ్లు తాగి చల్లబడే కొట్టమే, ఆ నీళ్లు మావి కావని పేజీ రాసింది. ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాయి. పెద్ద అక్షరాలు ఎట్లా ఉంటాయో నాకు తెలియదు, సుక్కవ్వను అడిగి చూసుకుంటాను.

మూడో రోజు

ఇవాళ కేసు కొట్టేసేవాళ్లే. అధికారి కలం తీశాడు కూడా. అప్పుడు నా ఎడమ చెయ్యి ఆయన బల్ల మీద పెట్టాను.

"ఏందవ్వా ఇది, పచ్చబొట్టా?"

"సూడు సారూ. మంచిగ సూడు."

మోచేతి కింద ఎనిమిది వరుసలు. వరుసకు ఎనిమిది గళ్లు. కొన్ని గళ్లలో చుక్క ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. చూసినవాళ్లంతా ముగ్గు మధ్యలో ఆపేశారా అని అడుగుతారు. ముగ్గు కాదు. ఒప్పందమైన రోజున పేజీలో ఉన్న మాటలన్నిటినీ కలిపి యంత్రం ఒక గుర్తు కట్టింది. ముద్ర అంటారు దాన్ని. మంద మనుషులకు చదువు రాదు కాబట్టి రాతకు కాక, చదివి వినిపించిన మాటలకు కట్టారు. ఒక్క మాట మారినా చుక్కలన్నీ చెదిరిపోతాయి. ఆ ముద్రను కాగితం మీద ఇస్తే మందపెద్ద తీసుకోలేదు. కాగితాన్ని మేక తింటుంది, పలక పగులుతుంది అన్నాడు. పచ్చబొట్టు పొడిచే ఆమెను పిలిపించి నా చేతి మీద పొడిపించాడు.

"నీ చేతికే పొడిపిచ్చుకోరాదూ?" అన్నాను అప్పుడు.

"నేను ముందు పోతనే పిచ్చిదానా. నాతోటి మట్టిల కలుస్తది." అన్నాడు. ఆ మాట మీద మూడు రోజులు అన్నం పెట్టలేదు ఆయనకు.

గొర్రె ఏ దొడ్డిలో ఉందో చెబితే అది చిరునామా. దాని చెవి కోత, గుర్తుకని మేం పెట్టిన గాటు, చెబితే అది గొర్రె. మంద ఎన్ని దొడ్లు మారినా చెవి కోత మారదు. నా చేతి మీద ఉన్నది ఆ పేజీ చెవి కోత. నేను చెప్పింది ఇంతే. రహమతుల్లా సారు చాలాసేపు ఆ చుక్కల వంకే చూశాడు.

"అవ్వా, ఈ పాత ముద్రలు సట్టంల ఇంక ఉన్నయి. ఎవ్వరు రద్దు జెయ్యలె. ముద్రకు సరిపొయ్యే మాటలు తెచ్చినవనుకో, అదే అసలు పేజీ. లింకు యాడికి పొయినా సరే."

ప్రణవి మొహంలో నవ్వు మొదటిసారి తగ్గింది. "మాటలు ఎక్కడి నుంచి తెస్తారు?"

నా నోరు చూపించాను.

"డెబ్బై ఏళ్లావిడ జ్ఞాపకం మీద..." అంటూ మొదలుపెట్టింది.

"నా మందల మూడొందల జీవాలకు తల్లెవరో పిల్లెవరో సీకట్ల తడిమి జెప్త. నీకు నిన్న తిన్న కూర యాదికుందా బిడ్డా?"

నియమం ఏమిటంటే, మూడుసార్లే చెప్పనిస్తారు. ఊహించి ఊహించి ముద్ర కుదిర్చేవాళ్లుంటారని అలా పెట్టారట. మూడోసారీ కుదరకపోతే కేసు మళ్లీ ఎప్పటికీ తెరవరు. పర్వాలేదు అన్నాను. ఒక్కసారి చాలు నాకు.

నాలుగో రోజు

రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ కుదరలేదు.

మొదటిసారి చెప్పాక నా మాటలకు యంత్రం కట్టిన ముద్ర గోడ మీద చుక్కలుగా వెలిగింది. నా చెయ్యి పక్కన పెట్టి చూశాను. ఒక్క వరుస కూడా కలవలేదు. నా యాసను సరిచేసే నీ బుద్ధి వల్లే ఇట్లా అయిందని నిన్ను తిట్టాను. నీకు గుర్తుండే ఉంటుంది. సారు ఆ సరిచేసే పనిని ఆపించి రెండోసారి చెప్పించాడు. మళ్లీ చెదిరాయి. కట్టమీది తల్లి తోడు, ఒక్క మాట కూడా తప్పలేదు నేను. నిన్ను తిట్టినందుకు క్షమించమని అడగను, కానీ నీ తప్పు కాదేమో.

నేను చెప్పింది ఇది. ఈ మాటలు ఎవరికీ అబద్ధం అనిపించకూడదు కాబట్టి ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

"కృష్ణ ఒడ్డు నుంచి ఎగువ గడ్డి దాకా మంద నడిచే దారిలో బావులు ఏడు. ఏడింటికీ తాళం ఉంటుంది, ఏ తాళమూ మందకు అడ్డు కాదు. ఒక్కో బావి దగ్గర మంద ఆరు రోజులు ఆగవచ్చు. ఏడో బావి నీళ్లు ముందు నోరున్న జీవానికి, మిగిలితే యంత్రానికి. ఎండ ఎంత పెరిగినా, కుర్చీలో మనిషి ఎవరు మారినా, ఈ మాట మారదు. సర్కారు తరఫున మండలం అధికారి సంతకం చేశాడు. మంద తరఫున మందపెద్ద వేలిముద్ర వేశాడు."

ఇంతే. ఇందులో తప్పేముంది? ఇది చెబుతుంటే నాకు ఆ రోజు కొత్తగా కత్తిరించిన ఉన్ని వాసన కూడా వస్తుంది.

ప్రణవి నా దగ్గరికి వచ్చి, కొట్టం నుంచి తెచ్చుకున్న నీళ్లు గ్లాసులో పోసి పెట్టింది. మంచిదే పిల్ల. "అమ్మా, వచ్చే ఏడు కొత్త దరఖాస్తు పెట్టండి, నేను రాసిపెడతాను. ఇవాళ మూడోది చెప్పి పోగొట్టుకోకండి."

"వచ్చే ఏడు దరఖాస్తు తాగుతయా గొర్లు?"

గ్లాసు ముట్టలేదు. అవి ఏ బావి నీళ్లో నాకు తెలుసు.

ఐదో రోజు

పొద్దున సుక్కవ్వకు ఫోను చేశాను.

"మంద యాడుందే?"

"నడుస్తున్నమత్తా."

"యాడికి?"

"ఏడో బాయికి."

కదురు కింద పడింది. సుక్కవ్వ లెక్క సుక్కవ్వది. రేపటితో ఆరో బావి మూత పడుతుంది. రేపు తీర్పు వచ్చేసరికి ఆ మూత పడిపోతుంది, అప్పుడు బయలుదేరితే నీళ్లు తాపకుండానే ఒక పగలంతా ఎండలో నడవాలి, నీరసించినవి తట్టుకోలేవు. అందుకని ఇవాళే కడుపునిండా తాపి బయలుదేరింది. రేపు పొద్దెక్కేసరికి ఏడో బావి దగ్గర ఉంటారు. అది తెరుచుకోకపోతే వెనక్కి తిరిగే ఓపిక ఏ జీవానికీ ఉండదు.

"ఎవర్నడిగి ఇడిసినవే మందను? నీకు మతి పోయిందా?"

"నువ్వు గెలుస్తవని ఇడిసిన. తిడితే తర్వాత తిట్టు. ముందుగాల పేజీ చెప్పు, నేనింట."

చెప్పాను. అటు నుంచి గొర్రెల మెడగంటలు వినబడుతున్నాయి.

"అత్తా, ఆఖరు మాట మల్ల చెప్పు."

"మంద తరఫున మందపెద్ద వేలిముద్ర వేశాడు."

"మామ చెప్పినప్పుడు గట్ల లేకుండె."

"ఎట్లుండె మరి?"

"నేను కొత్త కోడల్ని అప్పుడు. మామ ఆ మాట కాడికి రాంగనే రొమ్ము ఇరుసుకొని తన పేరు తను చెప్పుకునేటోడు. అందరు నవ్వుతుండ్రి. అండ్ల మందపెద్ద అని లేదత్తా. పేరుంది."

కింద పడ్డ కదురును ఏరుకున్నాను.

"నువ్వు మామ పేరు ఎన్నడు పలకలె. ఆ పేరు కలుస్తదని కట్టమీది తల్లి పేరు గూడ పలకవు. మామ పోయినంక నువ్వు ముందు గొంతు పట్టినవ్. మేమంత నీ ఎనక అన్నం. ఎవ్వరు సరిజెయ్యలె. అందరికి ఎర్కేనాయె ఎవరో. యంత్రానికి ఎర్క లేదు గదా!"

ఎంత సిగ్గుచేటు! పట్నం పిల్ల ఏడో బావిని మింగిందని లోకమంతా వినేలా అరిచాను. పదకొండేళ్ల కిందటే నేను ఒక పేరు మింగి కూర్చున్నాను. పేజీ నోట్లో ఉన్నంత మాత్రాన మారదనుకున్నాను. ఒకరి మీద ఒకరం నమ్మకంతో అందరం కలిసి మార్చేశాం.

"అయితే నువ్వే చెప్పు ఫోనుల. నీకు మామ పేరు పలికితే తప్పేముంది?"

"సారునడుగు. ముద్ర ఎవరి కాడుంటే వాల్లే చెప్పాల్నట, ఫోనుల సదివిన. నువ్వే పలకాలె."

"నాతోటి గాదు."

"సచ్చినాయనకు ఆయుష్షు తగ్గేదేముందత్తా?"

ఫోను పెట్టేశాను. కోడలితో ఎట్లా చెప్పాలి అది? పెట్టెవు కాబట్టి నీకు చెబుతున్నాను. పెళ్లినాడు గడప దగ్గర ఆపి మొగుడి పేరు చెబితేనే లోపలికి రానిస్తామన్నారు ఆడబిడ్డలు. పొయ్యి మీది కూర మాడేదాకా నిలబడ్డాను, చెప్పలేదు. చివరికి ఆయనే వాళ్లను పక్కకు నెట్టి, "దాని కాల్లు గుంజుతున్నయి, రానియ్యుండ్రి" అన్నాడు. ఆ తర్వాత ఒకసారి తోడేళ్లు మంద మీద పడ్డప్పుడు కూడా "ఓ మందపెద్దా" అనే అరిచాను. ఆయుష్షు తగ్గుతుందని మొదట్లో భయం. ఆయన పోయాక అది వేరే సంగతి అయింది. ఎప్పుడూ పిలవలేదు కాబట్టే ఆయన పలకడం లేదని అనుకుంటూ వచ్చాను. పేరు పెట్టి పిలిస్తే, అప్పుడు కూడా పలకకపోతే, ఇంక పోయినట్టే కదా.

ఆరో రోజు

పొద్దెక్కింది. సుక్కవ్వ ఏడో బావి దగ్గరికి చేరింది. రహమతుల్లా సారు ఫోనును బల్ల మీద పెట్టించాడు. గొర్రెలు అరవడం లేదు. దప్పిక ముదిరితే అరవవు. ఆ నిశ్శబ్దం ఎట్లాంటిదో ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"ఎన్ని పడ్డయే?"

"నలభై దాక కూలబడ్డయత్తా. లేస్తలేవు. జెల్ది."

"అవ్వా, మూడోది. ఇదే ఆఖరు." అన్నాడు సారు. "ఇంకొక్క దినం ఆగుతవా?"

"నేనాగుత. అవి ఆగవు."

కదురు పక్కన పెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఖాళీ చేతులతో ఆ పేజీ చెప్పాను. బావులు ఏడు. ఏ తాళమూ అడ్డు కాదు. నోరున్న జీవానికి ముందు. కుర్చీలో మనిషి ఎవరు మారినా. సర్కారు తరఫున సంతకం. మంద తరఫున...

అక్కడ ఆగిపోయాను. ప్రణవి తల ఎత్తి చూసింది. సారు గడియారం వైపు చూడలేదు, అందుకు ఆయనకు దండం. ఫోనులో సుక్కవ్వ ఊపిరి వినబడుతోంది. దాని వెనక ఒక గొర్రెపిల్ల, ఒకే ఒక్కసారి, సన్నగా అరిచింది.

"మంద తరఫున గట్టు మైసయ్య వేలిముద్ర వేశాడు."

గట్టిగానే అన్నాను. గుసగుసగా అనాల్సిన పేరు కాదు అది.

గోడ మీద చుక్కలు ఒక్కొక్కటే వెలిగాయి. నా చెయ్యి పక్కన పెట్టాను, కదలకుండా సారు తన చేత్తో పట్టుకున్నాడు. మొదటి వరుస కలిసింది. రెండోది. ఐదో వరుస దాకా చూసి కళ్లు మూసుకున్నాను.

"అరవై నాలుగుకు అరవై నాలుగు." అన్నాడాయన. వెంటనే అక్కడికక్కడే ఆజ్ఞ చెప్పాడు. ఏడో బావి తాళం ఇకనుంచి కొట్టం చిరునామా పట్టుకుని పోదు. ఈ ముద్రకు సరిపోయే పేజీ ఎక్కడుంటే అదే చూస్తుంది. నా నోటి నుంచి వచ్చిన పేజీ అసలు పేజీ.

ఇంతలో ఫోనులో ఏమీ వినబడలేదు. ఏమీ లేదు. పేరు పెట్టి పిలిచాను, అటు వైపు ఎవరూ పలకలేదు. అయిపోయింది అనుకున్నాను. గొర్రెల సంగతి కాదు నేను అనుకున్నది.

అప్పుడు కుయ్‌మంది. మళ్లీ ఇంకోసారి.

"పలికిందత్తా!" సుక్కవ్వ ఏడుస్తూ అరుస్తోంది. "పలికింది! లేస్తున్నయి, కూలబడ్డయి గూడ లేస్తున్నయి!"

ఇనుప మూత లేచిన చప్పుడు, ఆ మీద మూడు వందల జీవాల గిట్టలు. గది నిండిపోయింది.

పెట్టే, ఈ చివరి మాటలు రాసుకో. మొదటిది, మా మందలో ప్రతి మనిషికీ ఈ పేజీ నేనే నేర్పుతాను. పేరు మింగినవాడి వీపు పగులుతుంది, అది నేనైనా సరే. రెండోది, ప్రణవి పాత పేజీలు ఇంకెన్ని మార్చారో వెతుకుతానని ఇందాక వచ్చి చెప్పింది. వెతకనివ్వండి. దాహమేస్తే ఆమెకు ఏడో బావి నీళ్లు ఇస్తాను, నోరున్న జీవమే కదా. మూడోది, మొదటి రోజు నా పేరు గట్టు కొంరవ్వ అని ఊరుకున్నాను. అది సగమే. భర్త పేరు అడిగే చోట ఖాళీ వదిలావు కదా, నేను చెప్పలేదని.

అక్కడ గట్టు మైసయ్య అని రాయి. పిలిస్తే పలుకుతాడు.